సవరణ: బాధితుల చేత చెప్పించడం గురించి

వరద బాధితులకు ఊరటనిచ్చే బృందాలపై నేను మొన్న రాసిన దానిలో ఒక ముఖ్యమైన మాట తప్పు. విపత్తు జరిగిన తొలి వారంలోనే సామాజిక కార్యకర్తలు అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత జరిగినదంతా చెప్పించాలని, అలా చెబితే గుండె బరువు దిగుతుందని రాశాను. అది పాత పద్ధతి. ఎప్పుడో శిక్షణలో విన్నదాన్ని సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇతర సంస్థలతో కలిసి 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని ఇందుకు భిన్నంగా చెబుతుంది. అలా చెప్పించడం వల్ల ఫలితం లేదని తేలింది. ముందు చూడవలసినవి తాగునీరు, తిండి, తప్పిపోయినవారి ఆచూకీ. మాట్లాడాలనుకునేవారి మాట ఓపికగా వినాలి, మాట్లాడనివారిని తరచి అడగకూడదు. పక్కన మౌనంగా కూర్చోవడం కూడా సాయమే. దీన్ని నేను మొదటే రాసి ఉండవలసింది.

బృందాలే వద్దని దీని అర్థం కాదు. కొంతకాలం గడిచాక, ఇష్టపడి వచ్చినవారితో, శిక్షణ పొందినవారు నడిపే సమావేశాలు వేరు. నిద్ర పట్టక, పని సాగక ఇబ్బంది పడేవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

నా పాత మాట నమ్మి శిబిరాలకు వెళ్తున్నవారు ఉంటే ఈ సవరణ వారికి చేరవేయండి.