రొయ్యకు పరీక్షలున్నాయి, కాలువ నీళ్లకు లేవు

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల రేటు పడిపోయింది. భీమవరం వైపు పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టే దశకు వచ్చిన చెరువును ఆపుకుంటే మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు బిల్లు పెరుగుతాయి. ఆలోపు వైట్‌స్పాట్ అనే వైరస్ రోగం తగిలితే పెట్టుబడంతా పోయినట్టే. టెన్షన్ తట్టుకోలేక పట్టేస్తే ఏజెంటు చెప్పిందే రేటు. ప్రపంచ మార్కెట్ నష్టం ముందుగా వచ్చి పడేది చెరువు గట్టు మీదే.

లాభం లేదని కాదు. పసిఫిక్ తీరపు వనామీ రకం రొయ్య 2009లో మన చెరువుల్లోకి వచ్చాక చాలా కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. 2023-24లో దేశం నుంచి రూ.60,523 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతైతే, అందులో దాదాపు మూడింట రెండొంతులు రొయ్యదే.

కానీ ఆ లెక్కలో నీళ్ల ఖరీదు లేదు. వరి చేల మధ్య ఒకరు ఉప్పునీటి చెరువు తవ్వితే పక్క చేలోకి ఉప్పు ఊట దిగుతుంది. రెండు మూడు పంటలు దెబ్బతిన్నాక ఆ రైతూ గత్యంతరం లేక పొలాన్ని చెరువుకు లీజుకిస్తాడు. అతని నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు. కోతలకూ నాట్లకూ వెళ్లే ఆడవాళ్లకు పని పోతుంది. తాగే నీళ్లు టిన్నుల్లో కొనుక్కోవాలి. పట్టుబడి అయ్యాక అడుగున మిగిలిన నల్లటి నీటిని మురుగు కాలువలోకి వదిలేస్తారు. దిగువ రైతు ఇంజన్ పెట్టి మళ్లీ అదే నీటిని తన చెరువులోకి తోడుకుంటాడు, రోగంతో సహా.

యూరప్, అమెరికా రేవుల్లో మన రొయ్యలో నిషేధిత యాంటీబయాటిక్స్ అవశేషాలున్నాయేమో వెతుకుతారు. తేలితే సరుకు వెనక్కే. తినేవాళ్ల కోసం అది చేయాల్సిందే. మరి ఆ కాలువ పక్కన బతికేవాళ్ల కోసం అంత పట్టుదలగా నీటిని పరీక్షించేదెవరు? కాలుష్యం చేసినవాళ్లే పరిహారం కట్టాలని 1996లోనే సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల కేసులో చెప్పింది. తీరప్రాంత రొయ్యల సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమూ 2005లో వచ్చింది. నా దృష్టిలో లోపం చట్టంలో కన్నా అమల్లోనే ఎక్కువ.

వదిలే నీటి పరీక్ష ఫలితం లేనిదే ప్రాసెసింగ్ కంపెనీలు సరుకు కొనకూడదు. ఆ ఫలితాన్ని పంచాయతీ బోర్డు మీద అంటించాలి. నీటి శుద్ధి ఖర్చును ఎగుమతిదారు, విదేశీ కొనుగోలుదారు పంచుకోవాలి. రేటు పడిన రోజున ఆ భారం కూడా రైతు మీదకే నెడితే, అతను నీటిని చీకట్లో కాలువలోకి వదిలేస్తాడు.