ఉలవలు ఎద్దుకు, చారు మనకు

గొడవ శనివారం పొద్దున కాఫీ దగ్గర మొదలైంది. "నాకు మాంసకృత్తులు తక్కువయ్యాయంట" అన్నాను. దేవుడి ముందు కూర్చున్న మా అమ్మ వత్తి ఎగదోయడం ఆపి ఇటు తిరిగింది. "శనివారం పూట ఇంట్లో అవేం మాటల్రా?" అంది. మాంసకృత్తులంటే మాంసం కాదమ్మా, కందిపప్పులో కూడా ఉంటాయని చెప్పాను. "అట్టయితే శనివారం పప్పు కూడా మానేద్దాం" అని తేల్చేసింది.

ఎనభై రెండేళ్ళ మనిషితో వ్యాకరణం వాదించి గెలిచినవాడు లేడు. అయినా తప్పు ఆమెది కాదు. శాకాహారి కూడా రోజూ తినాల్సిన పదార్థానికి ఏరికోరి 'మాంసం'తో మొదలయ్యే పేరు పెట్టిన పాఠ్యపుస్తకాల వాళ్ళది. అందుకని ఇకమీదట ప్రొటీన్ అనే అంటాను. ఇంగ్లీషు మాటకు మడీ మైలా ఉండవు.

అసలు ఈ తెగులు నాకు జిమ్‌లో అంటింది. మోకాళ్ళ నొప్పులని డాక్టరు నడవమంటే, నెల్లూరు ఎండలో నడవడం కంటే ఏసీలో నడవడం నయమని మా వీధి చివర జిమ్‌లో చేరాను. అక్కడి కోచ్‌కు పాతికేళ్ళుంటాయేమో. నా జబ్బ పట్టుకుని, సొరకాయ లేతదో ముదురుదో గోరుతో నొక్కి చూసినట్టు చూశాడు. "అంకుల్, మజిల్ లేదు. రోజుకు ఎన్ని గ్రాముల ప్రొటీన్ తీసుకుంటున్నారు?" అన్నాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైన మనిషిని. ఒక అంకె అడిగితే నోట మాట రాకపోవడం నా సర్వీసులో అదే మొదలు.

మన రాష్ట్రంలో ఏదైనా సమస్య తేలకూడదనుకుంటే కమిషన్ వేస్తారు. నేనూ అదే చేశాను. మా ఇంటి ప్రొటీన్ స్థితిగతుల మీద ఏకసభ్య కమిషన్‌గా నన్ను నేనే నియమించుకున్నాను. వంటింట్లోంచి తూకం యంత్రం, పాత డైరీ ఒకటి స్వాధీనం చేసుకున్నాను.

ముందు మేం శాకాహారులమా, మాంసాహారులమా తేలాలి. మాది పంచాంగాన్ని బట్టి నడిచే శాకాహారం. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. మిగిలింది బుధవారం, ఆదివారం. ఆ రెండిట్లో కూడా అమావాస్య, ఏకాదశి, చుట్టాల తద్దినం తగిలితే పోయినట్టే. కార్తీకం మొత్తం కొట్టేయండి. ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేస్తే ఇంకో 41 రోజులు. చేపల పులుసుకు పేరుమోసిన ఊళ్ళో కాపురముండి ఏడాదికి అరవై రోజులు చేప కనబడితే గొప్ప.

ఇందులో ఇంకో అన్యాయముంది. నెల్లూరు చేపల పులుసు చేసిన రోజు తినేది కాదు. మామిడికాయ ముక్క పులుపు, కారం చేపకు పట్టడానికి ఒక రాత్రి కావాలి. ఆదివారం చేసిన పులుసు సోమవారం పొద్దునకు సరైన రుచికొస్తుంది. సోమవారం శివుడు. పులుసు అత్యున్నత దశకు చేరుకునే సమయానికి మా ఇంటిల్లిపాదీ ఉప్మా తింటూ ఫ్రిజ్ వైపు చూస్తూ ఉంటాం. మంగళవారం అది పక్కింటి వాళ్ళకు పోతుంది. వాళ్ళకు ఏ వారమూ లేదు.

గుడ్డు శాకాహారమా కాదా అన్న కేసు మా ఇంట్లో పెళ్ళైన దగ్గర్నుంచీ వాయిదాలు పడుతోంది. దాని జోలికి కమిషన్ పోలేదు.

ఇక ఎంత కావాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మామూలుగా బతికే పెద్దవాళ్ళకు బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలంటుంది. నేను 74 కిలోలు. అంటే 61 గ్రాములు. మా కోచ్ కిలోకు రెండు గ్రాములన్నాడు. 148. సంతపేటలో చీరల బేరంలో కూడా ఇంత తేడా చూడలేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా పుట్టి వందేళ్ళు దాటిన సంస్థ మాట నమ్మాలో, పోయిన ఏడాది పుట్టిన జిమ్ మాట నమ్మాలో తెలియక, ప్రస్తుతానికి తక్కువ చెప్పిన వాళ్ళనే నమ్మాను. టెండర్లలో కూడా అదే పద్ధతి.

లెక్క మొదలైంది. కాఫీలో పాలకు 3 గ్రాములు. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపి 11. మినప్పప్పు మహిమ అది. మధ్యాహ్నం అన్నంలో 8, వంకాయ కూరలో మహా అయితే 2, చారులో 1 అని ఉదారంగా వేశాను, పెరుగులో 5. సాయంత్రం టీకి ఒకటిన్నర. రాత్రి మూడు చపాతీలకు 10, బంగాళాదుంప కూర, మజ్జిగ కలిసి 4. ఇక మిగిలింది పప్పు.

పప్పు దగ్గర కమిషన్ చాలాసేపు ఆగింది. తెలుగువాడి ప్రొటీన్ పరువంతా ఆ గిన్నెలోనే ఉంది కదా. మా ఇంట్లో నలుగురికి ఒక చిన్న గ్లాసు కందిపప్పు పోస్తారు. తూకం వేస్తే సరిగ్గా 100 గ్రాములు. అందులో ప్రొటీన్ 22. నలుగురూ సమానంగా పంచుకుంటే తలకు అయిదున్నర. మిగతాదంతా గోంగూర, చింతపండు, నీళ్ళు, తాలింపు. చుట్టం వస్తే ఇంకో గ్లాసు నీళ్ళు పోసి కవ్వంతో ఎనుపుతారు. పప్పు పెరుగుతుంది, ప్రొటీన్ పెరగదు. అతిథి దేవుడే కానీ, నీళ్ళను పప్పు చేసే మహిమ ఆయనకూ లేదు.

అయినా పప్పన్నాన్ని తక్కువ చేయడానికి లేదు. ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మెథియొనిన్ అనేది పప్పులో తక్కువ. రెండూ కలిస్తే ఒకరి లోటు ఇంకొకరు కప్పుతారు. అచ్చం మన పెళ్ళి సంబంధాల్లాగే. కాకపోతే తూకం కుదరాలి. మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పు ఉండాలన్నది తార్నాక వాళ్ళ మాట. మా ఇంట్లో అయిదు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పప్పు. ఐదుగురు అన్నదమ్ములకు ఒక్క భార్య ఉన్న కథ మనకు కొత్త కాదనుకోండి.

మొత్తం 51 వచ్చింది. పది గ్రాముల లోటు.

నాకు టెన్షన్ పట్టుకుంది. కోచ్ దగ్గరకు పరిగెత్తాను. అతను బల్ల కింద నుంచి ఒక డబ్బా తీశాడు. కిలో డబ్బా, మూడు వేలు. ఒక స్కూపులో 24 గ్రాములంట. ఇంటికి తెచ్చి హాల్లో టీవీ పక్కన, మా అబ్బాయి కాలేజీ షీల్డుల వరసలో పెట్టాను. మా ఆవిడ డబ్బా తిప్పి చూసి, "ఇది దేంతో చేస్తారండీ?" అంది. చదివి చెప్పాను. పాలు విరిగితే గడ్డ ఒకవైపు, తేట ఒకవైపు పోతుంది కదా, ఆ తేటలో నుంచి తీసి ఎండబెట్టిన పొడి.

"అంటే విరిగిన పాల నీళ్ళా?"

"ఒక రకంగా అంతే."

"పోయిన నెల పాలు విరిగితే ఆ నీళ్ళు సింకులో పోశానని అర్ధగంట అరిచారు. ఇప్పుడు ఆ నీళ్ళకే మూడు వేలు పోసి వచ్చారా?"

నా తరఫున వాదించడానికి న్యాయవాది ఎవరూ దొరకలేదు. మర్నాడు చూస్తే, 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో తార్నాక వాళ్ళు కండ కోసం ఇలాంటి పొడులు వద్దనే రాశారు. నాకు తక్కువైన పది గ్రాములు 40 గ్రాముల వేరుశనగ గుళ్ళల్లో ఉన్నాయి. ఒక గుప్పెడు. ఆరేడు రూపాయలు. పోనీ గుప్పెడున్నర పుట్నాలు, అవీ అంతే. డబ్బా మాత్రం తిరిగి తీసుకోరంట.

దిగులుగా కూర్చుంటే మా ఊరి ఎద్దు గుర్తొచ్చింది. నాది ఒంగోలు దగ్గర పల్లె, మా ఆవిడది కోవూరు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే కదా, ఆ లెక్కన మా ఎద్దు కూడా వాళ్ళదేనని ఆమె వాదన. ఈ వాదనకు బ్రెజిల్ దాకా సాక్ష్యముంది. ఇక్కడినుంచి ఓడలెక్కి పోయిన ఒంగోలు జాతిని అక్కడ 'నెలోర్' అంటారు. ఎద్దు మాది, పేరు వాళ్ళది. ఆ జాతి ఆవు ఒకటి, వయాటినా-19, ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డు కెక్కింది. రూపాయల్లో దాని ధర దాదాపు 40 కోట్లు. నాకు ఇంక్రిమెంట్ రావడానికే ఏడాది పట్టేది.

నా వాదన ఏమిటంటే, అంత కండ ఉన్న ఎద్దు శుద్ధ శాకాహారి. డబ్బా కొనదు. జిమ్‌కు పోదు. బండలాగుడు పోటీల్లో టన్నుల బరువు లాగుతుంది. సోమవారం, శనివారం తేడా లేదు. ఈ వాదనలో చిన్న లొసుగుందని తర్వాత తెలిసింది. ఎద్దుకు నాలుగు గదుల పొట్ట ఉంటుంది. మొదటి గదిలో కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పెరిగి, చివరికి అవే దానికి ప్రొటీన్ అవుతాయి. నా పొట్ట చూడ్డానికి నాలుగు గదులంత ఉన్నా, లోపల ఒకటే గది.

"గడ్డి ఒక్కటే తిని లాగాయంట్రా మన ఎద్దులు?" అంది మా అమ్మ, వత్తుల పత్తి విడదీస్తూ. కమిషన్ ముందు నిలబడ్డ అసలు సాక్షి ఆమే. "దుక్కుల కాలంలో రోజూ బానెడు ఉలవలు ఉడకేసేదాన్ని. గుగ్గిళ్ళు తవుడులో కలిపి ఎద్దులకు పెట్టేదాన్ని. వార్చిన నీళ్ళు పారబోయడం ఎందుకని చింతపండు పులుసు పోసి, మరిగించి మీకు పోసేదాన్ని."

అదే ఉలవచారు. ఇవాళ పెద్ద హోటళ్ళలో చిన్న మట్టికుండలో పోసి, పైన మీగడ వేసి, మన తెలుగు సంస్కృతి అని అమ్ముతున్నది. 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అందులో చాలా భాగం గింజతోపాటు ఎద్దు కడుపులోకి పోయింది. నీళ్ళు మా కంచాల్లోకి వచ్చాయి. అటు చూస్తే గింజ వార్చిన నీళ్ళు, ఇటు చూస్తే పాలు విరిగిన నీళ్ళు. రెండు తరాలుగా మా వంశం నీళ్ళ దగ్గరే ఉంది.

అలాగని మా వైపు ప్రొటీన్‌కు కరువా? ఒంగోలు చుట్టూ నల్లరేగడిలో శనగ, పడమటి వైపు కనిగిరి, మార్కాపురం మెట్టల్లో కంది. ధర లేనప్పుడు శనగ బస్తాలు ఏళ్ళ తరబడి కోల్డ్ స్టోరేజీల్లో పడుకున్నాయి. ప్రొటీన్‌కు ఏసీ ఉంది, పండించినవాడికి ఫ్యాను కింద కరెంటు కోత.

కమిషన్ తర్వాత క్షేత్రపర్యటనకు బయల్దేరింది. ఇందుకూరుపేట వైపు మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తా మీద ప్రొటీన్ 35 శాతమని అచ్చు వేసి ఉంది. రొయ్య చదవలేదు కానీ, దానికి ఎంత కావాలో చదివినవాళ్ళు చూసుకుంటున్నారు. గుంటలో చెక్ ట్రే అని ఒకటి వేలాడుతూ ఉంటుంది. వలగుడ్డ బిగించిన పళ్ళెం. అందులో కొంచెం మేత వేసి నీళ్ళలోకి దించుతారు. గంటా రెండు గంటలకు పైకి లాగి చూస్తారు. మిగిలితే మేత తగ్గిస్తారు, ఖాళీ అయితే పెంచుతారు. మా బావమరిది ట్రే పైకెత్తి, ఎండకు పట్టి, వంగి చూశాడు. కన్నకూతురి ప్రోగ్రెస్ కార్డు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

"ఖాళీగా ఉండాది బావా. ఆకలి మీదున్నాయి, పూటకు రెండు కిలోలు పెంచాల" అన్నాడు.

ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. ఇంటికొచ్చి కమిషన్ పరిధిని విస్తరించి, వంటింటి గిన్నెలనే చెక్ ట్రేలుగా ప్రకటించాను. భోజనాలయ్యాక ఏ గిన్నెలో ఎంత మిగిలిందో రాసుకోవడం. అమ్మ తిన్నది, నేను తిన్నాను, అబ్బాయి ఫోన్ చూస్తూ తిన్నాడు. డైరీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడు మా ఆవిడ కూర్చుంది.

పప్పు గిన్నె ఖాళీ. అడుగున, అంచుల వెంబడి పసుపుపచ్చగా ఒక చార. ఆవిడ కంచంలో అన్నం, గోంగూర పచ్చడి, చారు.

నలుగురికీ అయిదున్నర అని రాసుకున్న లెక్క మీద చూపు పడింది. ఆ రాత్రి ఆవిడ పేరు మీద కొత్త పేజీ తీశాను. సగం కాఫీ, మిగిలిన రెండు ఇడ్లీలు, అన్నం, చారు, పలచటి మజ్జిగ, సాయంత్రం టీ, రాత్రి చపాతీలు చాలక మధ్యాహ్నం అన్నం. ఎంత ఉదారంగా వేసినా 28 దాటలేదు. ఆవిడ 55 కిలోలు. కావాల్సింది 46.

"ఎంతొచ్చింది?" అంది స్టవ్ తుడుస్తూ.

"పద్దెనిమిది తక్కువ."

"మీకంటే ఎక్కువే వచ్చిందే" అంది. "ఏం చేయాలంట మరి?"

ట్రే ఖాళీ అయితే మేత పెంచాలి కదా. పప్పు ఇంకో గ్లాసు పోయమని కమిషన్ సిఫార్సు చేసింది. సిఫార్సు మర్నాడే అమలైంది. అంత వేగంగా అమలైన సిఫార్సు రాష్ట్ర చరిత్రలో ఇంకోటి ఉండదు.

రెండు గ్లాసుల పప్పు, దోసకాయ వేసి, గరిట నిలబడేంత గట్టిగా కుదిరింది. వెల్లుల్లి తాలింపు వాసన హాలు దాకా వచ్చింది. ఆవకాయ వేసుకుని, నెయ్యి పోసుకుని తిన్నాను. మారు వేసుకున్నాను. "బాగుందా? ఇంకొంచెం వేస్తా ఉండండి" అని ఆవిడ ఇంకో గరిటె వేసింది. వద్దనలేదు. అబ్బాయి కూడా ఆ రోజు ఫోన్ పక్కన పెట్టి తిన్నాడు. చేయి కడుక్కుని డైరీ తీసి నా పేజీ కూడాను. 63. లోటు పూర్తిగా తీరింది. కమిషన్ ఏర్పడ్డాక మొదటి విజయమని ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను.

తర్వాత ట్రే చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాను. కమిషన్ గడువు మరో మూడు నెలలు పొడిగించుకోవాల్సి వచ్చింది.

ఆవిడ పప్పు గిన్నెలోకి గరిటెడు చారు వంచింది. అంచులకు అంటిందంతా దిగేలా గిన్నెను గుండ్రంగా రెండుసార్లు తిప్పి, ఆ నీళ్ళు తన అన్నంలో పోసుకుంది.