కొత్త అల్లుడి లాంటి గిటారు గారికి

గిటారు గారికి నమస్కారాలు.

మీరు అని పిలుస్తుంటే మీకు కాస్త వింతగా ఉండొచ్చు. మీకంటే ముందు ఇంట్లో ఉన్నదాన్ని, అంటే 2006లో కోఠిలో 2,200 రూపాయలకు కొన్న కోల్‌కతా గిటారుని, నేనెప్పుడూ గౌరవించిన పాపాన పోలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టాను, భీమిలి బీచ్‌లో ఇసుకలో పడేశాను, ఒకసారి ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెలు చాలక దాని పొట్టలో సాక్సులు కుక్కి తీసుకెళ్లాను. మీ సంగతి వేరు. షిప్పింగు, కస్టమ్స్, జీఎస్టీ అన్నీ కలిపి మీరు మియాపూర్‌లో మా మూడో అంతస్తు ఫ్లాటుకి చేరేసరికి 8 లక్షలు దాటింది, అంత దాటాక నువ్వు అనడానికి నోరు రాదు. ఇంట్లో ఏసీ ఉన్న ఒకే ఒక్క గది మీకిచ్చాం. మీరొచ్చిన వారం చుట్టాలెవరినీ రానివ్వలేదు. సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడైనా కనుమ వెళ్లాక బట్టలు సర్దుకుంటాడు, మీరు పద్నాలుగు నెలలుగా ఉన్నారు.

మీరొస్తున్నారని చెప్పినప్పుడు మా ఆవిడ అడిగింది ఒక్కటే. "బొటిక్ గిటారా? మగ్గం వర్క్ ఉంటుందాండీ?" ఆవిడ తప్పేం లేదు, మా వీధిలో నాలుగు బొటిక్‌లున్నాయి, నాలుగింట్లోనూ బ్లౌజులే కుడతారు. నేను చాలా ఓపిగ్గా, కాస్త పెద్దరికం ఒలకబోస్తూ, ఇది ఒకే మనిషి తన చేత్తో ఏడాదికి పదో పన్నెండో మాత్రమే చేసే వాయిద్యమనీ, మన చేతిని బట్టి కొలతలుంటాయనీ, అడ్వాన్సు కట్టి ఆగాలనీ చెప్పాను. "మా టైలరూ అంతే కదా" అంది. తర్వాత మీ పెట్టె తెరిచిన రోజు, మధ్యలో గుండ్రటి కంత చుట్టూ ఆల్చిప్ప పొదిగిన ఆ మెరుపు అంచు చూసి, "ఉంది కదా మరి వర్క్" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మీ కోసం రెండేళ్ల మూడు నెలలు ఆగాను. ఆ ఆగడంలోనే సగం మజా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అమెరికాలో మిమ్మల్ని చేసిన పెద్దాయన ముందుగా ఒక ప్రశ్నాపత్రం పంపాడు. నట్ దగ్గర, అంటే మెడ పై చివర తీగలు ఆనే గట్టు దగ్గర, మెడ వెడల్పు అంగుళం ముప్పావు ఉండాలా, అంతకంటే అంగుళంలో పదహారో వంతు తక్కువుండాలా? తేడా మిల్లీమీటరున్నర. దాని గురించి తొమ్మిది రోజులు ఆలోచించాను, కాగితం మీద గీసుకుని వేళ్లు పెట్టి చూసుకున్నాను, ఇద్దరు స్నేహితులతో మాటలు మానేశాను. నా పెళ్లిచూపులు నలభై నిమిషాల్లో అయిపోయాయి, అందులో సగం ఉప్మాకే పోయింది. నాలుగో నెలలో మొదటి ఫొటో వచ్చింది, ఒకే దుంగలోంచి కోసిన రెండు పలకలు, పుస్తకం తెరిచి పెట్టినట్టు పక్కపక్కనే. స్కానింగ్ కాగితం పట్టుకున్న తండ్రిలా ఆఫీసంతా తిరిగి చూపించాను. "మాడ్యులర్ కిచెనా? ఏ లామినేట్ వేయిస్తున్నావ్?" అన్నాడు మా టీమ్ లీడ్.

ఎంత ఎక్కువ ఆగితే మాలో అంత పరువు. వర్జీనియాలో రగ్బీ అనే చిన్న ఊళ్లో వేన్ హెండర్సన్ అనే ఆయన ఉన్నాడు, పల్లెల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తూనే గిటార్లు చేశాడు, జేబుకత్తితో చెక్క చెక్కుతాడని పేరు. ప్రపంచమంతా పేరున్న గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అంతటివాడికి ఆయన గిటారు చేతికందడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఈ కథ మా గిటారు మిత్రులకు స్థలపురాణం లాంటిది. క్లాప్టన్‌కి పదేళ్లు, నాకు రెండేళ్లు, అంటే నాదే కాస్త మెరుగైన పలుకుబడి అని నాలో నేను లెక్క వేసుకున్నాను. ఈ జబ్బుకి పేరు కూడా ఉంది, ఉన్నది ఉండగా ఇంకో గిటారు మీదికి మనసు పోవడాన్ని గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్, పొడి అక్షరాల్లో గ్యాస్ అంటారు. పేరు విని జీలకర్ర నీళ్లతో పోతుందనుకున్నాను.

ఇక మీ వంశం. అల్లుడి గోత్రం అడిగినట్టు మిమ్మల్ని చూడ్డానికొచ్చిన ప్రతి గిటారు మిత్రుడూ ముందు చెక్కే అడుగుతాడు, పాట అడిగినవాడు ఇంతవరకూ లేడు. మీ వర్గంలో రాచకుటుంబం బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారానికి తలుపులు మూశారు, అందుకే ఎవరి దగ్గరైనా పాత ముక్క ఉందంటే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇంకో చెట్టు ఉంది, దాని పేరే 'ది ట్రీ', అంటే 'ఆ చెట్టు'. 1965లో మధ్య అమెరికాలోని బెలీజ్ అడవిలో నరికిన మహాగని, అనుకున్న వైపు కాక లోయలోకి పడి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది, 1980ల్లో ముక్కలు చేసి పైకి లాగారు. ఆ ఒక్క చెట్టు పలకలతో చేశారంటే గిటారు ధరకి ఇంకొన్ని లక్షలు కలుస్తాయి.

మీరు మాత్రం ఇండియన్ రోజ్‌వుడ్. అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ చెక్క దొరక్క మన చెక్కకు మళ్లింది, ఆ తర్వాత లోకమంతా అదే దారి పట్టింది. కాబట్టి, ఏమీ అనుకోకండి, మీది మొదటి సంబంధం తప్పిపోతే కుదిరిన రెండో సంబంధం. పెద్దాయన పంపిన కాగితంలో డాల్‌బెర్జియా లాటిఫోలియా అని చాలా మర్యాదగా రాసి ఉంది, ఇంటర్నెట్‌లో వెతికితే తెలుగు పేరు వచ్చింది: ఇరుగుడు. జిట్రేగి అని కూడా అంటారు. నాకు ఒక్కసారిగా మా తాతయ్య మంచం గుర్తొచ్చింది, ఇరుగుడు మంచం అనే అనేవారు దాన్ని. అంటే మీరు దక్షిణాది అడవిలో పుట్టి, పడవెక్కి అమెరికా వెళ్లి, అక్కడ పలుచబడి, వేడి ఇనుము మీద నడుము వంచుకుని, మెరుగు పెట్టించుకుని, పదింతల రేటుకి తిరిగొచ్చారు. ఎన్నారై సంబంధాలన్నీ ఇంతే కదా. మధ్యలో 2017 నుంచి 2019 చివరిదాకా రోజ్‌వుడ్ కుటుంబం మొత్తాన్నీ కాగితాల కిందికి తెచ్చారు, తయారైన వాయిద్యాలకు మళ్లీ సడలించాకే మీలాంటి వారి రాకపోకలు సుఖంగా సాగుతున్నాయి. వీసా ఇబ్బందులు మీకూ తప్పలేదన్నమాట.

అయితే గోత్రం గురించి ఒక చేదు నిజం చెప్పాలి. 2018లో ఇంగ్లండులో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు వెనక పలక, పక్క పలకల చెక్క ఒక్కటే మార్చి, మిగతాదంతా ఒకేలా ఉండే ఆరు గిటార్లు చేయించి 52 మంది వాయించేవాళ్ల చేతికిచ్చారు. చెక్క కనబడకుండా మసక చీకట్లో, వెల్డింగ్ కళ్లజోళ్లు పెట్టి. బ్రెజిల్ దొరగారికీ, మీకూ, చవక చెక్కలకూ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి. దీనికి నూటయాభై ఏళ్లకు ముందే, 1862లో, స్పెయిన్‌లో గిటార్లు చేసే ఆంటోనియో దె టోరెస్ వెనకా పక్కలా కాగితపు అట్టతో ఒక గిటారు చేసి చూపించాడు, మోగేది పైపలక నాయనా అని. 1995లో అమెరికాలో టేలర్ గిటార్ల కంపెనీ బాబ్ టేలర్ సరుకులు మోసే చెక్క ప్యాలెట్‌తో ఒకటి చేశాడు, అదీ బాగానే మోగింది. ఈ మూడు కథలూ అడ్వాన్సు కట్టకముందే నాకు తెలుసు. తెలిసే కట్టాను. మా ఆవిడకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

మా అమ్మాయి ఆ పరీక్ష ఇంట్లోనే పెట్టింది. తలుపు వేసుకుని లోపల మీరూ పాతదీ, బయట నేను. పదిసార్లు ఒకే కార్డ్, అంటే ఒకే స్వరాల గుత్తి, మీటింది, ఏది ఏదో చెప్పమంది. కళ్లు మూసుకుని, తల ఊపి, ఆ మూడోది చూడు ఎంత తేనెలా సాగిందో అని వ్యాఖ్యానం కూడా చెప్పి, ఆరుసార్లు మీ పేరు చెప్పాను. తలుపు తీసి, "పదిసార్లూ పాతదే వాయించాను నాన్నా" అంది. మీరు పెట్టెలోంచి బయటికే రాలేదట.

ఆ రాత్రి అవమానం దిగమింగుకోలేక మిమ్మల్ని ఒళ్లోకి తీసుకున్నాను. ఆరో తీగ వదిలేసి కొట్టాను. ఏం చెప్పను, మీ వెనక పలక నా పొట్ట మీద గుయ్‌మంది, నిద్రపోతున్న పిల్లి ఒంటి మీద చెయ్యేస్తే తెలిసే వణుకులాగా, తీగ ఆగిపోయిందనుకున్నాక కూడా ఇంకాసేపు. పాతదాన్ని ఎంత బాదినా ఈ పని చెయ్యదు. దీని కారణం మాత్రం గాలి కబురు కాదు. స్టీలు తీగలారూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి, పైపలక మందం చూస్తే మూడు మిల్లీమీటర్లు, కింద సన్నటి బద్దలు ఆసరా. ఫ్యాక్టరీ వాడు వేలకొద్దీ చేస్తాడు, వారంటీ ఇస్తాడు, అందుకని వాటిలో ఎంత మెతక పలకైనా తట్టుకునేలా అన్నిటికీ ఒకే కొలత, కాస్త దిట్టంగా. చేత్తో చేసేవాడికి ఆ భయం లేదు. ఒకే చెట్టులోంచి తీసిన రెండు స్ప్రూస్ పలకలైనా ఒకేలా వంగవు కాబట్టి, పలకని రెండు చేతుల్తో పట్టి వంచి చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలి కణుపుతో తడతాడు, బద్దని ఇంకో రెండు పొరలు గీస్తాడు, మళ్లీ తడతాడు. ఇంకొక్క పొర తీస్తే పలక కుంగిపోతుందనిపించిన చోట ఆగిపోతాడు. మామిడికాయ ఊరగాయలో ఉప్పు చెయ్యి చూసి వేసే మా అమ్మకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమైంది, నాకే ఇంజనీరింగ్ చదివి ఇంతకాలం పట్టింది.

చిక్కు ఏమిటంటే ఆ గుయ్‌మనడం నా పొట్టకే తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి తెలియదు, తలుపు అవతల నాకే తెలియలేదు. 8 లక్షలు పెట్టి నేను కొన్నది నా ఒక్కడి కడుపులో మోగే సంగీతం. హాల్లోంచి మా ఆవిడ అడిగే ప్రశ్న అప్పటిదీ ఇప్పటిదీ ఒకటే: "పాట మొదలైందా, ఇంకా ట్యూనింగేనా?"

పోనీ రోజూ వాయిద్దామంటే మీ ఆరోగ్యం. గాలిలో తేమ 45 శాతానికి తగ్గకూడదు, 55 దాటకూడదు. ఇది హైదరాబాద్, ఏప్రిల్ మధ్యాహ్నం 20ల్లోకి పడిపోతుంది. పడితే పైపలక ఎండి పగులుతుందట. అందుకని మీ పెట్టెలో తేమ ప్యాకెట్లు మూడు, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి, దాని మీద నమ్మకం లేక ఇంకొకటి. రెండూ ఏనాడూ ఒకే అంకె చూపించవు. మా అమ్మ బీపీ నెలకోసారి చూస్తాం, మీది పూటకోసారి. పండక్కి ఊరు తీసుకెళ్దామంటే విశాఖ మీదుగా వెళ్లాలి, అక్కడ 80, మీరు ఉబ్బుతారు. మా మేనల్లుడు చేగోడీలు తిన్న చేత్తో మీ వైపు నాలుగడుగులు వేస్తే నేను సోఫా మీదినుంచి గోల్‌కీపర్‌లా దూకాను, నా నడుం పట్టేసింది. వాడు పాతదాని దగ్గరికెళ్లి టంగ్ టంగ్ మనిపించుకుని హాయిగా ఆడుకున్నాడు. నిజం చెప్పాలంటే సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నా చేతికి కూడా ముందు అదే వస్తోంది.

ఇంకో మాట, సిగ్గుతోనే చెబుతున్నాను. నేను పుట్టి పెరిగిన ఊరికి బొబ్బిలి గంట దూరం. ఆ పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. ఒకే పనస దుంగని తొలిచి, మైనంలో 24 మెట్లు నిలబెట్టి, అంతా చేత్తోనే, జీఐ గుర్తింపు కూడా ఉంది. అక్కడ ఎవరో అరుగు మీద కూర్చుని ఉలితో దుంగ తొలుస్తుంటే చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. దిగి చూద్దామని ఎన్నడూ తోచలేదు. అమెరికాలో షెడ్డులో అదే పని చేస్తున్న పెద్దాయన వీడియో నలభైసార్లు చూశాను, అందులో చెక్కపొట్టు రాలే చప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

మొన్న ఆదివారం ఇదంతా మనసులో తిరుగుతుంటే అమ్మకు ఫోన్ చేశాను. తాతయ్య ఇరుగుడు మంచం ఏదమ్మా అన్నాను. అటకెక్కించాం అంది. దాన్ని జాగ్రత్తగా దించండి, మంచి చెక్కది, ముందు ఒక పట్టె చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టి చూడు, గంటలా మోగుతుందేమో అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"మెల్లగా తట్టడమేంట్రా. నల్లులు పోవాలని ఏటా వేసవిలో నడివీధిలో వేసి రోకలితో బాదేవాళ్లం దాన్ని."