పాత కథల్లో పెళ్ళాలు నిజంగా సర్దుకుపోయారా?

ఈ మధ్య ఒక వాట్సాప్ సందేశం చుట్టాల గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: మన పాత కథల్లో భార్యలు సర్దుకుపోయేవారు, మొగుడి మాటకి ఎదురుండేది కాదు. ఇప్పటి రచయితలు పాశ్చాత్యుల్ని చూసి మొగుణ్ణి నిలదీసే పెళ్ళాల కథలు రాస్తున్నారు. ఆడవాళ్ళ చదువు దానికి తోడైంది. అందుకే కాపురాలు కూలుతున్నాయి. మీ ఆడపిల్లల చేత పాత కథలు చదివించండి.

ఇది రాసినవాళ్ళు ఆ పాత కథలు చదివారా అని నా అనుమానం.

"సర్దుకుపోయేవారు" అన్న మాట ముందు చూద్దాం. భండారు అచ్చమాంబ 1902లోనే 'ధనత్రయోదశి' రాశారు. అందులో మొగుడు యజమాని సొమ్ము దొంగిలించి ఇంటికి తెస్తే, పండగ గడిచిందిలే అని పెళ్ళాం కళ్ళు మూసుకోదు. వెనక్కి ఇప్పించేదాకా ఊరుకోదు. ఇక కన్యాశుల్కంలో వెంకమ్మ. పసిపిల్లని ముసలాడికి కట్టబెట్టొద్దని చెప్పింది, మొగుడు వినలేదు, వెళ్ళి నూతిలో దూకింది. బతికింది గానీ మొగుడు అగ్నిహోత్రావధాన్లు పట్టు వదల్లేదు. చివరికి ఆ పెళ్ళి చెడగొట్టడానికి ఆవిడ తోడబుట్టిన కరటకశాస్త్రి ఎత్తులు వెయ్యాల్సి వచ్చింది. నోటిమాటకి విలువ లేని ఇంట్లో ఆవిడ చేతిలో మిగిలింది నుయ్యి ఒక్కటే. దాన్ని సర్దుకుపోవడం అనడానికి నాకు నోరు రాదు.

"మొగుడి మాటకి ఎదురుండేది కాదు." గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. గోపాలరావు మీటింగులని పెళ్ళానికి చెప్పి సాని పాట వినడానికి పోతుంటాడు. ఓ రాత్రి పొద్దుపోయి వచ్చి తలుపు తలుపు అని అరుస్తాడు. పెళ్ళాం కమలిని లేదు, ఆవిడ రాసిన ఉత్తరం ఉంది. 'ప్రియా' అని ఉండాల్సిన చోట 'అయ్యా' అని ఉంది. అక్కడే సగం నీరుగారిపోతాడు. ఆ ఉత్తరంలో తిట్టు ఒక్కటి లేదు. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధాలాడాల్సి వస్తోంది, మీ దారికి అడ్డు లేకుండా పుట్టింటికి పోతున్నాను, సంతోషించండి అంటుంది. నిజానికి ఎక్కడికీ పోదు. మంచం కింద ఉండి, మొగుడు నౌకరు రాముడి ముందు తప్పు ఒప్పుకోవడం, ఇక రాత్రిళ్ళు ఇల్లు కదలనని మాటివ్వడం, అంతా వింటుంది. కథ మొదట్లో అన్నీ తెలిసినవాడు మొగుడు, ఏమీ తెలియనిది పెళ్ళాం. చివరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఉత్తరంలోనే, దయతో పాటు 'వెచ్చం' కూడా పంపమంటుంది. అంటే ఖర్చులకి డబ్బు. డబ్బు ఇంకా మొగుడి చేతిలోనే ఉంది, కమలిని గెలుపు అక్కడిదాకానే. పైగా ఈ గొడవలో దెబ్బలు తిన్నది రాముడు. ఆ సాని మాట మనకి ఒక్కటీ వినబడదు. ఇవి కథలో లోపాలంటే నేను వాదించను.

"పాశ్చాత్యుల్ని చూసి" అన్నదానికి నవ్వొచ్చింది. ఆ కథలో ఇంగ్లీషు మాట తెచ్చేది మొగుడే, ఇంగ్లీషువాడు భార్యని 'బెటర్ హాఫ్' అంటాడని రాముడికి పాఠం చెబుతాడు. కమలిని వాడేవి పతి, సతి, కర్తవ్యం. పతి మేలు కోరే సతి చెయ్యాల్సింది ఇదే కదా అని, ఏ మాటలతో ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టారో ఆ మాటల్నే మొగుడి మీదకి తిప్పింది. దీనికి ఏ దేశం నుంచీ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

చదువు సంగతి మరీ బాగుంది. ఆడోళ్ళకి సదువు నేర్పితే ఇంతే అని ఈ కథలో అనేది రాముడు. నూట పదిహేనేళ్ళ కిందటే గురజాడ ఆ వాదాన్ని కథలోనే పెట్టి, జవాబు కూడా మొగుడి చేతే చెప్పించాడు. చేతిలో ఉత్తరం పెట్టుకుని, ఒళ్ళు మండుతున్నవాడే, సృష్టిలో చదువుకున్న ఆడదాన్ని మించినది లేదంటాడు. సందేశం పంపిన పెద్దమనిషి వాదం అక్షరాలా రాముడిదే. పాపం రాముడికైనా అర్ధరాత్రి నిద్ర చెడిందన్న సాకు ఉంది.

కాపురాలు కూలడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పై మూడింటిలో ఏ కాపురమూ పెళ్ళాం ఎదురుచెప్పినందుకు కూలలేదు.

చివరి సలహాతో నాకు పేచీ లేదు. చదివించండి. దిద్దుబాటు నాలుగైదు పేజీలకి మించదు. మంచం కింద సంగతి మాత్రం నాలాగ ముందే చెప్పెయ్యకండి.