ఆవాసం రంగస్థలం కాదు
ఆవాసంలో నేల, నీరు, గాలి, వెలుతురు వంటి నిర్జీవ అంశాలు రంగస్థలం లాంటివనీ, జీవులు దానిపై వచ్చిపోయే పాత్రధారులనీ ఆవాసాల గురించిన ఒక వ్యాసంలో రాశారు. ఈ పోలికతో నేను ఏకీభవించలేను. రంగస్థలాన్ని పాత్రధారులు కట్టరు. ఆవాసాన్ని మాత్రం చాలావరకు జీవులే కట్టుకుంటాయి. ఉత్త బండరాయి మీద బూడిదరంగు మచ్చలా అంటుకుని పెరిగే లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) విడుదల చేసే ఆమ్లాలు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఆ రాతిపొడిలో చచ్చిన లైకెన్ ముక్కలు కలిసి, మరో మొక్క నిలదొక్కుకునేంత మన్ను పోగవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. వాన వెలిసిన మర్నాడు తడినేల మీద చిన్న చిన్న ఉండలుగా కనిపించే వానపాముల విసర్జితాన్ని వేళ్లతో నలిపి చూసిన వారికెవరికైనా, అందులో వానపాము తిన్న ఆకు ఎక్కడ ముగిసిందో, మట్టి ఎక్కడ మొదలైందో తేల్చడం సాధ్యం కాదని తెలుస్తుంది. పగడపు జీవుల గట్టి కవచాలే పేరుకుని ఏర్పడే పగడపు దిబ్బల సంగతి చెప్పనే అక్కర్లేదు. మనం పీల్చే ఆక్సిజన్ సైతం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సయనోబాక్టీరియా అనే, వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవుల చలవ వల్లనే వాతావరణంలో పేరుకోవడం మొదలైంది. 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త టాన్‌స్లే ‘ఎకోసిస్టమ్’ (ఆవరణ వ్యవస్థ) అనే మాటను ప్రవేశపెట్టినప్పుడు, జీవులనూ వాటి భౌతిక పరిసరాలనూ ఒకే వ్యవస్థగా చూడాలన్నదే ఆయన వాదన. వ్యాసకర్త ఆ మాటను వాడుతూనే ఆ రెంటినీ మళ్లీ విడదీశారు.