అది చిరుత పిల్ల కాదు బాబాయ్!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో. తాళ్ళరేవు దాటాక రోడ్డు పక్కన చచ్చి పడున్న జంతువు, మూతి నిండా రక్తం. కింద మా బాబాయి: "చిరుత పిల్ల! తల్లి చుట్టుపక్కలే ఉంటుంది, జాగ్రత్త!!" ఇంకేముంది, రొయ్యల చెరువుల కాపలా కుర్రాళ్ళు కర్రలు తీశారట.

బాబాయ్, కాస్త జూమ్ చేసి చూడు. తోక ఒంటి పొడవులో సగం కూడా లేదు. చిరుతకి పువ్వుల్లాంటి మచ్చలుంటాయి, దీనికి వరసగా నిండు చుక్కలు. ముందు కాళ్ళ వేళ్ళ మధ్య బాతుకున్నట్టు కొంచెం తోలు. అది బావురుపిల్లి. మన కోరింగ మడ అడవిలో చేపలు పట్టుకు తినేది.

ఈ మాటే గ్రూపులో పెడితే, "ఫొటో చూసి చెప్పేస్తావా? ప్రూఫ్ ఏది?"

ప్రూఫా? హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ లాకోన్స్ అనే వన్యప్రాణుల ల్యాబ్ ఉంది. 2007లో కలాం గారు జాతికి అంకితం చేశారు. చిన్న మాంసం ముక్క పంపితే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి అనే జన్యువు చదివి ఏ జంతువో చెప్తారు. తోలు ఒలిచేసినా సరే. అసలు జంతువే కనిపించక్కర్లేదు, పెంట చాలు! గట్టు మీద ఎండిపోయిన పెంట బావురుపిల్లిదో అడవిపిల్లిదో చూసి చెప్పడం చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. దానికి అంటుకున్న పేగు కణాల్లో డీఎన్‌ఏ ఉంటుంది, అది చెప్తుంది. ఏది ఎక్కడ తిరుగుతోందో తెలీకుండా దేన్ని కాపాడతారండీ?

కానీ మన టీవీలకి ఇవన్నీ ఎందుకు? మచ్చలుంటే చిరుత, లేకపోతే "వింత జంతువు". తిరుమల పుణ్యమా అని పునుగుపిల్లి పేరొకటి తెలుసు. బెంగాల్ వాళ్ళు ఇదే బావురుపిల్లిని రాష్ట్ర జంతువు చేసుకున్నారు. మనం కర్రలు తీశాం.

అయినా ఈ బాబాయే కదా, నేను ఎమ్మెస్సీ జువాలజీలో చేరానంటే పెళ్ళి భోజనాల్లో అందరి ముందూ "కప్పలు కోసుకుని బతుకుతావా అమ్మా" అన్నది! విస్తట్లో బూరె అలాగే వదిలేసి లేచాను. వాళ్ళబ్బాయి బీటెక్ మరి. పదకొండు బ్యాక్‌లాగ్‌లు, అది వేరే సంగతి. మొన్న ఆ అబ్బాయే అమెరికాలో డాలర్లు కట్టి, వాళ్ళ కుక్క ఉమ్మి ల్యాబ్‌కి పంపి, అది ఏ జాతో రిపోర్టు తెప్పించాడు. గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు. ఒక్కరూ ప్రూఫ్ అడగలేదే!

ఇది టైప్ చేస్తుండగానే బాబాయి మెసేజ్: "తల్లి చిరుత యానాం వైపు వెళ్ళిందట."