చూరు కింద బొప్పి

బొప్పి ముందు కట్టింది, ఇల్లు తర్వాత నచ్చింది.

శ్రీకాకుళం దాటాక ఒక పల్లెలో చుట్టాలింట పెళ్లి. అప్పగింతల్లో నాకు ఏడుపు రాదు. రాకపోతే బాగోదని అలా వీధిలోకి వచ్చాను. అక్కడ కనపడింది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దానికి జాజు పూత, మీద సున్నంతో ముగ్గులు. సగం మూసిన గొడుగులా కిందికంటా వాలిన తాటాకు కప్పు. ఫోను పైకెత్తి ఫొటో తీస్తూ ముందుకు నడిచానా, చూరు నుదుటికి ఠంగున తగిలింది. తాటాకు మెత్తగానే ఉంటుంది, దాని కింద వాసం ఉంటుందన్న సంగతే తట్టలేదు.

"ఒంగి రావాల తల్లీ," అంది లోపల్నుంచి ఓ ముసలమ్మ.

నుదురు రుద్దుకుంటూ చూస్తే చూరు నిండా సంసారమే. పళ్లు విరిగిన దువ్వెన, కొడవలి, వేపపుల్లలు, సగం కాల్చిన చుట్ట, ఫోను ఛార్జరు, అన్నీ తాటాకు మడతల్లో దోపి ఉన్నాయి. ఆవిడ చూడకుండానే చెయ్యి చాపి చుట్ట తీసుకుంది. మేం లక్షన్నర పోసి చేయించిన బీరువాల్లో ఈరోజుకీ దువ్వెన దొరకదు.

వెనకాలే వచ్చిన మా ఆయన మొదలుపెట్టాడు. ఇల్లు గుండ్రంగా ఉంటే తుపాను గాలికి కొట్టడానికి మూల దొరకదట, చూరు కిందికి ఉంటే గాలి కప్పు అడుగుకి దూరదట. ముసలమ్మ శ్రద్ధగా విని, "తిత్లీకి సగం కప్పు ఎగిరిపోనాది బాబూ. మళ్లీ నేయించినాం," అంది. 2018 తుపాను మాట రాగానే ఆయన గొంతు సవరించుకుని వాచీ చూసుకున్నాడు.

"ఎంత బాగుందో మామ్మా!" అన్నాను.

"అయితే నువ్వుండు తల్లీ. నీ డాబాలో నానుంతాను."

విశాఖ చేరేదాకా నాకు ఒకటే ఆలోచన. మా టీవీ పక్కన ఏటికొప్పాక బొమ్మలు రెండున్నాయి. అంకుడు కర్రని తిప్పుతూ లక్క అద్దితే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పడుతుంది వాటికి. ఆ నున్నటి జంటకి ఓ చుట్టిల్లు కట్టిస్తే! వినాయక చవితికి మిగిలిన బంకమట్టి ఎలాగూ ఉంది.

స్టీలు గిన్నె బోర్లించి చుట్టూ మట్టి మెత్తాను. మర్నాటికి గోడ నిలువునా నాలుగు చోట్ల విచ్చింది. మట్టి ఆరితే కుంచించుకుపోతుంది, గిన్నె కుంచించుకోదు కదా. మట్టిలో గడ్డి, పేడ ఎందుకు కలుపుతారో అప్పుడు తెలిసింది. మూడో అంతస్తులో పేడ ఎక్కడ తేను? అంట్లు తోమే కొబ్బరిపీచు కత్తిరించి కలిపాను. ఈసారి గోడ నిలిచింది, గిన్నె మాత్రం బయటికి రానంది. పునాది అనుకుని వదిలేశాను.

ఇక కప్పు. తాటాకు కావాలి. ఇంట్లో ఉన్న తాటాకల్లా అత్తయ్యగారి విసనకర్ర. అంచుకి ఎర్రగుడ్డ ఆవిడే కుట్టుకున్నారు. ఇన్వర్టరు కొన్న దగ్గర్నుంచీ అది మేకుకే వేలాడుతోంది, ఎవరడుగుతారులే అనుకున్నాను. పిడి అంగుళం ఉంచి కోసి, ఆకుని గరాటులా వంచి, దారంతో బిగించాను. ఆ మడతలు అచ్చం నేసిన కప్పులా కుదిరాయి. ఎర్రగుడ్డ చూరుకి అంచులా అమరింది. నాకైతే గర్వమే. మా ఆయన మాత్రం కోళ్ల గంపా అని అడిగాడు.

మూడో రోజు రాత్రి కరెంటు పోయింది. పది నిమిషాలకి ఇన్వర్టరూ కుయ్యిమని ఆగిపోయింది. చీకట్లో అత్తయ్యగారి చెయ్యి గోడ మీద తడుముతున్న చప్పుడు.

"నా విసనకర్రేదే?"

నేను నిద్ర నటించాను. మా ఆయన నాకంటే బాగా నటించాడు. చెయ్యి గోడ దిగి, టీవీ బల్ల మీదికొచ్చి, ఏటికొప్పాక పెళ్లికొడుకుని పడేసి, ఇంటి కప్పు మీద ఆగింది. అంచు వెంబడి వేలు మెల్లగా ఒక చుట్టు తిరిగింది.

"ఈ కుట్టు నాదే."

దారం పుటుక్కుమంది. కప్పు లేచింది. అంగుళం పిడి రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు విసురుకున్నారు. ప్రతి విసురుకీ తాటాకు పొట్టు నా మొహం మీద రాలుతోంది, తుమ్ము ఆపుకుంటూ పడుకున్నాను.

"గాలి బాగానే వస్తోంది," అన్నారు చీకట్లోంచి. "లే, ఆ గిన్నె ఎక్కడుందో కూడా చెప్పేసి పడుకో."